డిసెంబరులో మేం ఇంట్లో ఉండం

డిసెంబరు దగ్గరపడి మేం సూట్‌కేసు బయటకు తీశామంటే మా వీధిలో అందరూ ఒకటే అడుగుతారు, "పిల్లల దగ్గరికా?" అని. "కాదండీ, మద్రాసుకి. పాట కచేరీలు వినడానికి" అంటే ఒక్క క్షణం ఆగి, అప్పుడు నవ్వుతారు. వాళ్లెందుకు ఆగుతారో నాకు తెలుసు. మొదటిసారి వెళ్లేటప్పుడు నేనూ నా మనసులో అలాగే ఆగాను.

మాది మైలవరం. ఒకప్పుడు రాజావారి నాటక కంపెనీతో పేరు మోసిన ఊరే కానీ, ఇప్పుడు కచేరీ వినాలంటే బెజవాడ వెళ్లాల్సిందే. నేను పుట్టి పెరిగింది ఆ బెజవాడలోనే. మా చిన్నప్పుడు పొద్దున్నే లేపేది రేడియోలో భక్తిరంజని. బాలమురళిగారి గొంతు వినపడిందంటే మా నాన్నగారు కాఫీ గ్లాసు కూడా చప్పుడు కాకుండా పెట్టేవారు. నేను వీణలో వర్ణాల దాకా వచ్చాక పెళ్లయింది. వీణ నాతోపాటే అత్తారింటికి వచ్చింది. రెండేళ్లు గోడకి ఆనించి ఉంది, పిల్లలు పుట్టాక అటకెక్కింది.

మావారు లెక్కల మాస్టారు. రిటైరయ్యాక మొదటి ఏడాదంతా అమ్మాయి దగ్గర హైదరాబాదులో సగం, అబ్బాయి దగ్గర బెంగళూరులో సగం గడిచిపోయింది. ఒకరోజు భోజనాల దగ్గర ఆయనే అన్నారు, "పాట వింటూ నిలబడిపోయి నువ్వు ఎన్నిసార్లు కూర మాడ్చావో! పద, ఒక్కసారైనా ఎదురుగా కూర్చుని విందాం."

అన్నీ సర్దుకున్నాక అమ్మాయి ఫోన్ చేసింది. పిల్లాణ్ణి చూసే ఆయా చెప్పాపెట్టకుండా మానేసిందట. "అమ్మా, ఒక్క నెల రావా?" అంది. "జనవరి 2న బయలుదేరి వస్తానే" అన్నాను. అటునుంచి కాసేపు మాట లేదు. తర్వాత, "సరేలే అమ్మా, ఎంజాయ్ చేయండి" అంది. ఆ మాట గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. పినాకినిలో కూర్చున్న ఏడు గంటలూ కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను కానీ, ఒంగోలు ఎప్పుడు దాటిందో నెల్లూరు ఎప్పుడు దాటిందో తెలీలేదు.

మైలాపూరులో కపాలీశ్వరుడి గుడి దగ్గర చిన్న గది తీసుకున్నాం, ఒక స్టవ్వు, రెండు గిన్నెలు. అక్కడ ఈ నెలని మార్గళి అంటారు, మనకి ధనుర్మాసం. 1927లో మద్రాసులో కాంగ్రెస్ మహాసభ జరిగినప్పుడు దాంతోపాటు సంగీత సభలు కూడా పెట్టారట. వాటి ఫలితంగానే మరుసటి ఏడాది మ్యూజిక్ అకాడమీ వచ్చింది. ఇప్పుడు అకాడమీలో డిసెంబరు 15 నుంచి జనవరి 1 దాకా పండగే. అదొక్కటే కాదు, ఊరంతా బోలెడు సభలు.

ఖర్చు గురించి అడుగుతారని చెబుతున్నా. చాలా సభల్లో మధ్యాహ్నం కచేరీలకి టికెట్టే ఉండదు. చిన్న వయసు పిల్లలు పాడతారు, ఎంత శ్రద్ధగా పాడతారో! పెద్దవాళ్ల సాయంత్రం కచేరీలకి మాత్రం ముందే చూసుకుని నాలుగైదింటికి కొనుక్కున్నాం. హాల్లో ఏసీ చలికి శాలువా తప్పనిసరి. సభ క్యాంటీన్లో టిఫిన్ తింటే రాత్రికి వంట పని ఉండదు. ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో "రాత్రికేం వండాలి" అనుకోకుండా గడిచిన సాయంత్రాలు అవే.

మావారికి రాగాలు తెలియవు. కానీ తని ఆవర్తనం మొదలై, మృదంగం ఒక్కటే మోగుతుంటే, సగం హాలు కాఫీకి లేచిపోతుందా, ఈయన మాత్రం కదలరు! వేళ్లమీద ఎనిమిది ఎనిమిది లెక్కేసుకుంటూ, ఆఖరికి లెక్క సరిపోగానే పిల్లాడిలా నావైపు చూస్తారు. పొద్దున్నే మాడవీధుల్లోకి వెళ్లి వాకిళ్లలో మెలికల ముగ్గులు నోటుబుక్కులో దించుకొస్తారు. ఎన్ని చుక్కలు, సరి చుక్కా సందు చుక్కా, అన్నీ పక్కన రాసుకుంటారు. పెళ్లయినప్పటినుంచీ మా వాకిట్లో నేను వేసిన ముగ్గుని ఈయన తొక్కకుండా దాటడమే చూశాను. ఇంత ఇష్టం ఉందని ఎవరికి తెలుసు?

ఒక సాయంత్రం కల్యాణిలో 'నిధి చాల సుఖమా' పాడుతున్నారు. పక్క సీట్లో నా వయసావిడ కళ్లు మూసుకుని ప్రతి అక్షరం పెదాలతో పలుకుతోంది. అయ్యాక నేను తెలుగువాళ్లమని విని, చెయ్యి పట్టుకుని, "మామీ, చిన్నప్పటినుంచీ పాడుతున్నా. అర్థం పూర్తిగా చెబుతారా?" అంది, వచ్చీరాని తెలుగులో. చెప్పాను. ధనం సుఖమా, రాముడి సన్నిధి సుఖమా అని త్యాగయ్యగారు మనసునే అడిగి చెప్పించుకోవడం, తంజావూరు రాజు కానుకలు కాదన్నప్పుడు పాడారని చెప్పుకునే కథ, అన్నీ. ఆవిడ మాట మాటకీ ఆపి అడిగింది. ఉప్పుడబ్బా ఎక్కడుంది, నా చొక్కా ఎక్కడుంది అని కాకుండా, నాకు తెలిసిన విషయం ఒకటి నన్ను అడిగి ఎన్నేళ్లయిందో! గదికొచ్చాక కాస్త ఏడ్చాను. మావారు ఎందుకని అడగలేదు. రెండు గ్లాసులు పాలు వెచ్చబెట్టారు.

అన్నమాట ప్రకారం జనవరి 2న బయలుదేరి నేరుగా హైదరాబాదు వెళ్లాం. అమ్మాయి బాగానే పలకరించింది కానీ ముభావంగానే ఉంది. ఆ పద్దెనిమిది రోజులూ తను సెలవులు పెట్టి, పక్కింటివాళ్లని బతిమాలుకుని ఎలాగో నెట్టుకొచ్చింది. అది నాకు కష్టంగానే అనిపించింది, కాదనను. రాత్రి పిల్లాడు పడుకున్నాక నా పక్కన కూర్చుని, "అంత బాగుంటుందా అమ్మా?" అంది. కచేరీల గురించి చెబుతూ చెబుతూ, నేను వాయించిన వర్ణం మాట కూడా వచ్చింది.

"నువ్వు వీణ వాయించేదానివా? అటక మీదున్నది అమ్మమ్మదనుకున్నానే!"

నా కడుపున పుట్టిన పిల్లకి ముప్పై నాలుగేళ్లకి తెలిసిందన్నమాట. తప్పు దానిది కాదు, నేను చెప్పందే ఎలా తెలుస్తుంది?

మైలవరం వచ్చేసరికి తోటలో మామిడి పూత నిండుగా ఉంది. మావారు తోటకెళ్లేలోపు నిచ్చెన వేయించి వీణ దింపించాను. తీగలన్నీ తుప్పుపట్టాయి. కొత్తవి వేయించాను. సరళీ స్వరాలకే వేలి కొసలు కోసుకుపోతున్నాయి. ఈ ఏడాది అమ్మాయి నవంబరులోనే ఫోన్ చేసి, "ఈసారి ఏ తారీఖుల్లో వెళ్తున్నారో ముందే చెప్పమ్మా, సెలవులు చూసుకోవాలి" అంది. పిల్లాడి కోసమేమో అనుకున్నా.

"కాదు, ఒక్క రెండురోజులు నేనూ వస్తా" అంది.