పంజాగుట్ట సందులో మరల పని

పంజాగుట్ట చౌరస్తా దాటి, మెట్రో స్తంభముల వెంట అమీర్‌పేటకు సాగు రాజమార్గమును విడిచి ఒక ఇరుకు సందులోనికి మరలినంతనే, లేతు మిషన్ల రొదయు, కాగిన నూనె వాసనయు ఎదురువచ్చినవి. స్టెయిన్‌లెస్ స్టీలు రెడ్యూసరులు చేయు ఆ చిన్న కర్మశాలను చూడవలెనని నాకెంతో కాలముగా కోరిక. ఏలయన, మేడమీది ట్యాంకునుండి రెండంగుళముల పైపులో దిగిన నీరు అంగుళము, ముప్పావు అని క్రమముగా సన్నబడుచు, తుదకు అర అంగుళపు నల్లాను చేరువరకు, ప్రతి కూడలియందును దానిని చుక్క జారకుండ నిలుపునది పిడికెడైనను లేని ఆ లోహఖండమే గదా!

వయసు మళ్ళిన మేస్త్రీ ఒక ఆరుపలకల కడ్డీముక్కను బిగించి, వెలుపల ముప్పావునకును, లోపల అర అంగుళమునకును మర కోయుచుండెను. రెండు మరల నడుమ మిగులు లోహము రెండు మిల్లీమీటర్లయినను ఉండదు. పనిముట్టు రవంత లోతుగా దిగెనా, ముక్క పనికిరాదు. బ్రిటిషు పద్ధతిలో ఈ రెండు కొలతలకును అంగుళమునకు 14 చుట్లు, కోణము 55 డిగ్రీలు; అమెరికా పద్ధతిలోను చుట్లు 14 అయినను కోణము 60 డిగ్రీలగుటచే, ఒకదానిలో నొకటి కొంతవరకు ఎక్కి, సరిపోయినదను భ్రాంతి కలిగించి, నీరు వదలిన పిమ్మట కారును. కావుననే ఆయన ప్రతి ముక్కను గేజితో పరీక్షించి గాని ప్రక్కన పెట్టడు.

సాధారణముగా వాడునది 18 పాళ్ళు క్రోమియము, 8 పాళ్ళు నికెలు గల 304 రకము. క్లోరైడు హెచ్చుగా నుండు నీటికి మాలిబ్డినము చేరిన 316 రకము మేలు. తుప్పు నెదిరించు ఈ లోహమునకు ఒక దుర్గుణము కలదు. “ఉత్తగ గట్టిగ తిప్పితే స్టీలుకు స్టీలు పట్టేస్తది సార్, ఇగ కోసుడే” అని ఆయన టెఫ్లాన్ టేపును మర తిరుగు దిక్కుననే చుట్టి చూపెను.

ఇంతలో ఒక ప్లంబరు కుర్రవాడు వచ్చి, ట్యాంకు దగ్గరనే అంగుళమునుండి అర అంగుళమునకు తగ్గించు రెడ్యూసరు నడిగెను. నీటికి జోరు పెరుగునని ఇంటివారి నమ్మకమట. ఈ నమ్మకము మన నగరమున ఎన్ని కుటుంబములను బాధించుచున్నదో! వ్యాసము సగమైనచో లోపలి వైశాల్యము నాలుగవవంతగును. అంతే నీరు పారుటకు నాలుగింతల వేగము కావలెను. ఆ వేగమునకు పైపు గోడల రాపిడి మిక్కుటమై, పొడవు హెచ్చినకొలది ఒత్తిడి హరించిపోవును.

“పైన్నే సన్నం జేస్తే కింద నీళ్లేం వస్తయి తమ్మీ? అంగుళం పైపే కిందిదాంక తీస్కపో, నల్లా కాడ తగ్గించు” అని మేస్త్రీ ఆ బేరమును వదలుకొనెను.