రాణీగంజ్‌లో నాన్న కారు స్టీరియో

కారు పని మీద రాణీగంజ్ వెళ్లాలంటే శనివారం పొద్దున్నే వెళ్లండి. ఆదివారం చాలా షాపులు బంద్. మిగతా రోజుల్లో కాస్త ఆలస్యమైతే బండి పెట్టుకోడానికి జాగా దొరకదు. ట్యాంక్‌బండ్ దాటి కర్బలా మైదాన్ వైపు రాగానే సీన్ మారిపోతుంది. మోటార్ పంపులు, బేరింగులు, పైపులు, వాటి మధ్యలో సీటు కవర్లు వేలాడదీసిన కారు షాపులు. ట్రాలీ ఆటోవాళ్లు హార్న్ కొడితే వెనక్కి తిరిగి కూడా చూడరు.

నేను తీసుకెళ్లింది నాన్న పాత వ్యాగన్ ఆర్‌ని. ఆయన సూర్యాపేట నుంచి నా దగ్గరికి వచ్చాడు. అరవయ్యో పుట్టినరోజుకి స్టీరియో మార్పించి సర్‌ప్రైజ్ ఇద్దామని నా ప్లాన్. కంపెనీ సెట్‌లో బ్లూటూత్ లేదు, యూఎస్‌బీ ఎప్పుడో పోయింది, డిస్‌ప్లేలో సగం అంకెలు కనబడవు. ఆఫీసులో నా పనే మొబైల్ యాప్‌లకు స్క్రీన్లు చేయడం. అలాంటిది మా కార్లో స్క్రీన్ లేకపోవడం నాకే నామోషీగా ఉండేది.

ఇక్కడ షాపు అంటే కౌంటర్ మాత్రమే, పనంతా రోడ్డు మీదే. తొమ్మిది అంగుళాల ఆండ్రాయిడ్ సెట్, వెనక కెమెరా, ఫ్రేమ్, ఫిట్టింగ్ కలిపి బేరం 9,500 దగ్గర తెగింది. (డబ్బా మీద 4 జీబీ ర్యామ్ అని ఉన్నా నమ్మేయకండి. సెట్టింగుల్లో కూడా అబద్ధం చూపించే సెట్లు ఉంటాయి.) ‘50 వాట్లు ఇంటూ నాలుగు’ అని కూడా రాసి ఉంటుంది. అది క్షణకాలం వచ్చే గరిష్ఠం. నిలకడగా వచ్చేది అందులో సగం కూడా ఉండదు.

పని చేసిన కుర్రాడికి ఇరవై ఏళ్లుంటాయేమో. ప్లాస్టిక్ పట్టీతో డ్యాష్‌బోర్డు అంచులు ఊడదీసి, పాత సెట్‌ని ఐదు నిమిషాల్లో బయటికి లాగేశాడు. వెనకాల వైర్ల గుత్తి. పసుపుది ఎప్పుడూ కరెంటు ఉండే వైరు, సెట్ జ్ఞాపకశక్తి దాని మీదే ఆధారపడి ఉంటుంది. ఎరుపుది తాళం తిప్పితేనే కరెంటు వచ్చేది. నలుపు ఎర్త్. పసుపు, ఎరుపు తారుమారైతే బండి ఆపినప్పుడల్లా సెట్టింగులన్నీ చెరిగిపోతాయి. రెండూ పసుపు లైనుకే తగిలిస్తే పొద్దునకల్లా బ్యాటరీ పడుకోవచ్చు.

“వైర్లు కోస్తావా?” అని అడిగాను భయంగా.

“కోసేది లేదు భయ్యా, కప్లర్ ఉంది. రేపు పాతది మళ్లీ పెట్టాలన్నా పెట్టొచ్చు.”

కప్లర్ అంటే కారు ప్లగ్గుకీ, కొత్త సెట్‌కీ మధ్య పెట్టే జోడీ. దానికి మూడు వందలు ఎక్కువ తీసుకున్నాడు. పాత సెట్‌ని కవర్లో చుట్టి డిక్కీలో పడేశాడు.

సాయంత్రం సూర్యాపేట బయల్దేరాం. డ్రైవింగ్ నాన్నే, ఇంకొకరికి స్టీరింగ్ ఇవ్వడు. మ్యాప్ చూసి మురిసిపోయాడు. రివర్స్ కెమెరా చూసి “అబ్బో” అన్నాడు. చౌటుప్పల్ దాటాక ఎఫ్ఎం గరగరలాడటం మొదలైంది.

“738 పెట్టురా.”

నాకు అర్థం కాలేదు. 738 కిలోహెర్ట్జ్, ఆకాశవాణి హైదరాబాద్, మీడియం వేవ్. ఎఫ్ఎం ఆగిపోయిన చోట కూడా అది వస్తూనే ఉంటుంది. నాన్న ఏళ్ల తరబడి ఈ రోడ్డు మీద వార్తలు విన్నది అందులోనే. కొత్త సెట్ మెనూలన్నీ వెతికాను. ఏఎం అసలు లేదు. షాపులో ర్యామ్ అడిగాను, స్క్రీన్ రిజల్యూషన్ అడిగాను, వారంటీ అడిగాను. ఇది అడగలేదు.

“మరి వార్తలెట్ల ఇనాల్రా?”

ఫోన్‌లో ఆకాశవాణి యాప్ పెట్టాను. నెట్ పోయినప్పుడల్లా ఆగింది. చిట్యాల దగ్గర సిగ్నల్ వచ్చి ఒక్కసారిగా గట్టిగా మోగింది. సౌండ్ తగ్గించాలని నాన్న పాత నాబ్ ఉన్న చోటికి చెయ్యి పెట్టాడు. అక్కడ నున్నటి గ్లాసు. కళ్లు స్క్రీన్ వైపు తిప్పాడు. రెండు సెకన్లు కూడా కాదు, బండి పక్కన పోతున్న లారీ వైపు జరిగింది. నేను స్టీరింగ్ పట్టుకుని లాగాను. తర్వాత నకిరేకల్ దాకా ఇద్దరం ఏం మాట్లాడలేదు.

నేను చేసే స్క్రీన్లని జనం సోఫాలో కూర్చుని చూస్తారు. నాన్న వేలికి ఆరు బటన్లు చీకట్లో కూడా తెలుసు, మూడోది 738. ఆ వేలు నా లెక్కలోకే రాలేదు.

వచ్చే శనివారం మళ్లీ రాణీగంజ్. అదే కుర్రాడు నన్ను చూసి నవ్వాడు. “ఏఎం ఎవరు అడుగుతరు భయ్యా ఈ రోజుల్లో?” ఓనర్ మూడు వేలు కోసుకుని సెట్ వాపస్ తీసుకున్నాడు. గొణిగాను గానీ తప్పు నాదే. వైరు ఒక్కటి కూడా కోయలేదు కాబట్టి పాత సెట్ ఇరవై నిమిషాల్లో కూర్చుంది. ప్రీసెట్లు మాత్రం చెరిగిపోయాయి. 738 పట్టుకుని మూడో బటన్ ఐదు సెకన్లు నొక్కి పెట్టాను.

కెమెరా విప్పడానికి టైమ్ పడుతుందంటే అలాగే వదిలేయమన్నాను. నంబర్ ప్లేటు పైన ఇంకా ఉంది, దేనికీ తగిలించకుండా. నాన్న మాత్రం పక్కింటివాళ్లకు “మా బండికి ఎనక కెమెరా ఉన్నది” అని చెప్పుకుంటున్నాడని అమ్మ ఫోన్‌లో చెప్పింది.