పురుగు పక్షాన రెండు మాటలు

చలి ముదిరింది. మా లక్సెట్టిపేటలో ఈ రోజుల్లో పొద్దుగూకితే చాలు, ఏ వాడలో చూసినా ఒక నెగడు. పత్తి కట్టెలు, చెదలు పట్టిన తడికె, ఎవరో తెలివైనవాడు పడేసిన టైరు ముక్క... అన్నీ మంటలోకే. టైరు వేసినవాణ్ని నలుగురూ తిట్టడం కూడా కార్యక్రమంలో భాగమే. గోదావరి మీదుగా వచ్చే గాలికి ముందు భాగం కాగుతుంటే వీపు వణుకుతుంటుంది. ఇంక కబుర్లు కాక ఏం చేస్తాం? కొంచెం జరుగుతాను, మీరూ కూర్చోండి.

మా వాడలో ఒక తాత ఉన్నాడు. ఫోన్లో వచ్చిన నీతికథలన్నీ మంట దగ్గర చదివి వినిపించడం ఆయన పని. ఈ మధ్య వినిపించింది మీకూ వచ్చే ఉంటుంది. ఒకడు సీతాకోకచిలుక గూట్లోంచి బయటపడలేక గిలగిలలాడుతుంటే చూసి, జాలిపడి, కత్తెరతో గూడు కోశాడట. అది బయటికైతే వచ్చింది గానీ రెక్కలు ముడుచుకుపోయి ఎగరలేకపోయిందట. కథ అయిపోగానే తాత ఇంటర్ చదివే మనవడి దిక్కు తిరిగి, “ఇన్నవా? కష్టపడాలె బిడ్డా. కష్టపడితెనే రెక్కలస్తయి” అన్నాడు. పిల్లగాడు ఆవులించాడు. నాకు పిల్లగాడే నచ్చాడు.

తాతకు ఎదురు చెప్పే ధైర్యం లేక ఊరుకున్నాను కాబట్టి మీకు చెప్తున్నా. అసలు సీతాకోకచిలుకలకు చాలావరకు దారంతో అల్లిన గూడే ఉండదు. పురుగు చివరిసారి చర్మం విడవగానే లోపలి నుంచి ఇంకో గట్టి తొడుగు బయటపడుతుంది. ప్యూపా అంటే అదే. దారంతో గూడు అల్లుకునేవి ఎక్కువగా రాత్రిపూట దీపాల చుట్టూ తిరిగే వాటి అన్నదమ్ములు, పట్టుపురుగులలాంటివి. వాటిలో మన అడవి పట్టుపురుగు సంగతి చూస్తే కథలోని నీతికి మొదటికే మోసం వస్తుంది. దాని గూడును కాయ అంటారు. ఆ కాయను పగలగొట్టాలంటే మన గోళ్ల వల్ల కాదు, అంత గట్టిది. అయినా రెక్కల పురుగు దాన్ని పగలగొట్టదు. నోటి దగ్గర నుంచి ఒక ద్రవం ఊరించి, కాయ కొనను మెత్తబరిచి, దారాల మధ్య సందు చేసుకుని వస్తుంది. వచ్చాక కొమ్మకు వేలాడుతూ, ఒంట్లోని ద్రవాన్ని రెక్కల నరాల్లోకి ఎక్కిస్తుంది. అప్పుడే వాటి ముడతలు విప్పుకుంటాయి. ఆ కాసేపూ ఎవరూ ముట్టుకోకూడదన్న మాట నిజం. కానీ అక్కడ కావలసింది కండబలం కంటే కుదురు.

నా అసలు పేచీ ఇంకోటి. ఆ కథలోనే కాదు, ఏ కథలోనైనా పురుగుకు చోటే లేదు. వికారం, తిండిపోతు, ఏదో ఒకనాడు బాగుపడాల్సినది, అంతే. రెక్కలొచ్చాకే దానికి బతుకు వచ్చినట్టు చెప్తారు. మీ పెరట్లో కరివేపాకు చెట్టుంటే ఒకసారి వెళ్లి చూడండి. నల్లటి రెక్కల మీద లేత పసుపు మచ్చలతో, వెనక రెక్కకు ఒక ఎర్రచుక్కతో తిరిగే సీతాకోకచిలుక నిమ్మ, మారేడు, కరివేపాకు చెట్ల లేత ఆకుల మీద గుడ్లు పెట్టి పోతుంది. పుట్టిన పురుగు అచ్చం పిట్టరెట్టలా ఉంటుంది. ఏ పిట్ట తన రెట్టను తాను తింటుంది? పెద్దదయ్యేసరికి ఆ వేషం పనికిరాదు, ఆకుపచ్చ రంగులోకి మారుతుంది. అప్పుడు పుల్లతో కదిపితే తల వెనక నుంచి ఎర్రటి కొమ్ములు రెండు బయటికొస్తాయి, గుప్పున ఘాటు వాసన. మా ఇంట్లో దీన్ని చూసి “శీ, పారెయ్” అననివాళ్లు లేరు. నాకు మాత్రం దానికి రెక్కలొచ్చాక ఉన్న తెలివి కంటే ఇప్పుడున్న తెలివే ఎక్కువనిపిస్తుంది.

తిండి అయిపోయాక అది ఒక పుల్ల చూసుకుంటుంది. తోక కొసను పుల్లకు అంటించుకుని, నడుము చుట్టూ ఒక్క దారం వేసుకుని, వెనక్కి వాలి నిలబడుతుంది. మా దిక్కు గౌడన్న తాటిచెట్టు మీద మోకు మీద భారమేసి వెనక్కి వాలతాడు చూడండి, సరిగ్గా అట్లనే. కాకపోతే ఈయన కల్లు గీసి దిగుతాడు, అది దిగదు.

ఆ తొడుగులో ఏం జరుగుతుందన్నది చాలాకాలం ఎవరికీ తెలియలేదు. పురుగు చచ్చి సీతాకోకచిలుక పుడుతుందనుకున్నారు. 1660ల్లో జాన్ స్వామ్మర్‌డామ్ అనే డచ్చి వైద్యుడు, తొడుగు కట్టబోయే పురుగును జాగ్రత్తగా కోసి లోపల రెక్కలు అప్పటికే మడిచిపెట్టి ఉన్నాయని చూపించాడు. ఆ తర్వాత మరియా సిబిల్లా మేరియన్ అనే చిత్రకారిణి పురుగులను ఇంట్లో పెంచి, ఏ పురుగు ఏ ఆకు తింటుంది, ఏ రెక్కలతో వస్తుంది అన్నీ బొమ్మలు గీసి 1679లో పుస్తకం వేసింది. యాభై దాటాక కూతురిని వెంటబెట్టుకుని దక్షిణ అమెరికాలోని సూరినామ్ అడవులకు పోయింది, అదీ పురుగుల కోసమే! ఆమె బొమ్మల్లో పురుగుకు, ఆకుకు, రెక్కలకు ఒకే కాగితం మీద సమానంగా చోటు ఉంటుంది. నాకు ఆమె మీద గౌరవం అందుకే.

ఇప్పుడు శాస్త్రజ్ఞులు చెప్పేదేమంటే, పురుగు ఒంట్లో చిన్న చిన్న కణాల ముద్దలు ఉంటాయి, రెక్కలవీ కళ్లవీ. పురుగు తిన్నన్నాళ్లూ ఒక హార్మోను దాన్ని ‘ఇంకా చిన్నదానివే’ అంటూ ఆపుతుంది. చర్మం విడిచినప్పుడల్లా ఇంకా పెద్ద పురుగే అవుతుంది. ఆ హార్మోను తగ్గాక వచ్చే విడుపుతో దారి మారుతుంది. పాత కండలు చాలావరకు కరిగి ఆ ముద్దలకు ఆహారమవుతాయి. అన్నీ కరగవు గానీ. 2008లో అమెరికాలోని జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయంవాళ్లు పొగాకు ఆకు తినే ఒక రకం పురుగుకు ఒక వాసన చూపించి, వెంటనే చిన్న కరెంటు షాకిచ్చారు. ఆ వాసనంటే దానికి భయం పట్టుకుంది. అది ప్యూపాగా మారి రెక్కలతో బయటికొచ్చాక కూడా ఆ వాసన నుంచి తప్పుకుంది. మరీ చిన్నప్పుడు నేర్పినవాటికి గుర్తులేదు, ఎదిగిన పురుగుగా నేర్చుకున్నవాటికి గుర్తుంది. అంటే ఆకులు కొరికే ఆ దశలో తగిలిన దెబ్బ రెక్కల దాకా వెంట వచ్చింది. రెక్కలొచ్చాయి కాబట్టి పాతవన్నీ పోయాయని చెప్పడానికి లేదు.

గోదావరి అవతల ధర్మపురి దిక్కు పురాణం చెప్పే అయ్యవార్లు ‘భ్రమరకీట న్యాయం’ అని ఒక ముచ్చట చెప్తారు, వినే ఉంటారు. భ్రమరం ఒక పురుగును తెచ్చి మట్టిగూట్లో పెట్టి, చుట్టూ ఝుమ్మని తిరుగుతుందట. ఆ భయంతో పురుగు దాన్నే తలుచుకుని తలుచుకుని చివరికి తానే భ్రమరమై బయటికొస్తుందట. దేవుణ్ని తలిచే భక్తుడు దేవుడే అయిపోతాడని చెప్పడానికి ఈ పోలిక. చెప్పే పద్ధతిలో చెప్తే ఒళ్లు పులకరిస్తుంది. కానీ మన గోడలకు మట్టిగూళ్లు కట్టే కందిరీగను ఓపిగ్గా చూస్తే కథ వేరు. అది పురుగును కుట్టి చచ్చుబడేట్టు చేస్తుంది. చంపదు, చస్తే కుళ్లిపోతుంది కదా! తన గుడ్డు ఉన్న గూట్లో దాన్ని పడేసి మూసేస్తుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల ఆ పురుగును తింటూ పెరిగి కందిరీగై వస్తుంది. ఫ్రాన్సులో ఫాబ్ర్ అనే పెద్దమనిషి జీవితమంతా ఇట్లాంటి కందిరీగల వెంటే తిరిగి సంపుటాలకు సంపుటాలు రాశాడు. ధ్యానంలో ఉన్నదని మనం చేతులు జోడించిన జీవి నిజానికి కంచంలో ఉందన్నమాట. నాకు ఆ న్యాయం మీద కోపం లేదు, వేదాంతానికి అది పనికొస్తుంది. పురుగుకే పనికిరాదు.

ఇంతసేపూ రెక్కలను తక్కువ చేసి మాట్లాడుతున్నానని మీకు కోపమొస్తే, ఎవరైనా పత్తి రైతును పిలిచి అడుగుదాం. గులాబీ రంగు పురుగు తల్లి ఒక చిన్న గోధుమ రంగు రెక్కల జీవి. చేన్లో లింగాకర్షక బుట్ట కట్టి, ఈ రాత్రి ఎన్ని పడ్డాయని లెక్క చూసుకునే మనిషికి ఆ రెక్కల్లో ఏ అందం కనబడుతుంది? ఈ నెగడులో కాలుతున్న పత్తి కట్టెలు ఉత్త వంటచెరుకు అనుకోకండి. చేన్లో వదిలేస్తే ఎండిన కాయల్లో, మోళ్లలో పురుగు దాక్కుని వచ్చే ఏటికి రెక్కలతో తయారవుతుందని, కట్టెలు పీకి పారేయమని వ్యవసాయ అధికారులు ఏటా మొత్తుకుంటారు.

పురుగునే నెత్తిన పెట్టుకునే ఊళ్లు కూడా మన జిల్లాలోనే ఉన్నాయి. మంచిర్యాల దాటి తూర్పుకు పోతే చెన్నూరు, గోదావరి ఉత్తరానికి మళ్లే చోటు. ఆ చుట్టుపక్కల, కోటపల్లి దిక్కు అడవుల్లో మద్ది చెట్ల మీద దసలి పట్టు, అంటే ఇందాక చెప్పిన అడవి పట్టు, పండిస్తారు. మల్బరీ పురుగులా ఈ పురుగును ఇంట్లో తట్టల్లో పెంచడం కుదరదు, బయట చెట్టు మీదే పెరగాలి. పచ్చగా, మనిషి వేలికంటే లావుగా, చూస్తే కొత్తవాళ్లు నాలుగడుగులు వెనక్కి వేస్తారు. నెలకు పైగా తింటుంది, నాలుగుసార్లు చర్మం విడుస్తుంది. ఒక చెట్టు ఆకు అయిపోతే కొమ్మ నరికి ఇంకో చెట్టుకు మార్చాలి. ఇక చీమలు, కందిరీగలు, పిట్టలు, పురుగు ఒంటి మీద గుడ్డు పెట్టి పోయే ఊజీ ఈగ... రైతు వడిసెల పట్టుకుని పగలంతా చెట్ల కిందే. సొంత పిల్లల్ని ఇంత కనిపెట్టుకుని ఉండం.

కడుపు నిండాక పురుగు ముందు కొమ్మ చుట్టూ దారంతో ఒక ఉంగరం చుడుతుంది. దానికి ఒక కాడ, కాడకు వేలాడుతూ కాయ. ఆ కాయనే అమ్ముతారు. అవతలి ఒడ్డున మహదేవపూర్‌లో దసలి పట్టు నేసేవాళ్లున్నారు. దారం తెగకుండా రావాలంటే లోపలి జీవిని వేడికి చంపాలి. రెక్కలతో బయటికొస్తే కాయకు కంత పడి, ఏకధారగా దారం తీయడం కుదరదు. అప్పటి రాష్ట్రపతి వెంకటరామన్ భార్య జానకి, పురుగును చంపకుండా పట్టుచీర రాదా అని అడిగారట. ఆ మాట పట్టుకుని మన చేనేత శాఖలో పనిచేసిన కుసుమ రాజయ్య అహింసా పట్టు తీశాడు. రెక్కల పురుగు ఎగిరిపోయాక ఖాళీ గూళ్లను వడికి దారం చేయడం. మంచి పనే. చీర మాత్రం పురుగు చేసిందే, రెక్కల జీవి అందులో ఒక్క పోగు కూడా వేయలేదు.

దసలి రెక్కల జీవి ముచ్చట ఇంకా విచిత్రం. అరచేతికంటే పెద్దది, రెక్కరెక్కకూ అద్దం బిళ్లలాంటి కన్ను. కానీ అది తినదు. తినే నోరే లేదు. బతికే కొద్ది రోజులూ పురుగుగా ఉన్నప్పుడు తిని దాచిన దాంతోనే. ఎగిరినా, జతకట్టినా, గుడ్లు పెట్టినా అంతా ఆ మద్ది ఆకే. మా దిక్కు పిల్లగాడికి దుబాయి వీసా వస్తే “వానికి రెక్కలచ్చినయ్” అంటారు. నేను ఒప్పుకోను. వాడు పోయింది ఎడారిలో ఎండకు పని చేసి నాలుగు పైసలు కూడబెట్టడానికి. అది పురుగు పని. ఆ పని లేకపోతే వెనక ఇంట్లో ఎవరూ ఎగరరు. ఎగిరినవాళ్ల ఫొటోలే కదా గోడకు కడతాం.

అన్ని కాయలనూ చంపేస్తే మళ్లీ పంట ఎట్లా అంటారా? విత్తనానికని బరువైన, గట్టి కాయలను ఏరి పక్కన పెడతారు. వాటిని దండలుగా గుచ్చి గదిలో వేలాడదీస్తారు. చలికాలం చివర్న కట్టినవి ఎండాకాలమంతా అట్లాగే నిద్రపోతాయి. బయట ఎండకు రోడ్డు కరుగుతుంటే, గది చల్లగా ఉండేట్టు చూసుకుంటూ కాపలా కాస్తారు. ఎవరూ ఏ కత్తెరా పట్టుకుపోరు. తొలకరికి గాలిలో తేమ వస్తుంది, సాయంత్రం పూట ఒక్కొక్క కాయ కొన తడుస్తుంది. ఈకల్లాంటి మీసాలతో మగవి చాలా దూరం నుంచే ఆడదాని వాసన పట్టి వస్తాయి. ఆడది నూట యాభై, రెండు వందల గుడ్లు పెడుతుంది.

ఆ తర్వాత ఆ అద్దాల రెక్కల తల్లిని నూరి మైక్రోస్కోపు కింద పెడతారు. పెబ్రిన్ అనే రోగం తల్లి నుంచి గుడ్డుకు వస్తుంది. ఫ్రాన్సులో పట్టు పరిశ్రమ దాంతో మునిగిపోతుంటే 1860ల్లో లూయీ పాశ్చర్ కనిపెట్టిన పద్ధతి ఇది, ఇప్పటికీ మారలేదు. రోగపు బీజాలు కనబడితే ఆ తల్లి గుడ్లన్నీ పారేస్తారు. కనబడకపోతే గుడ్లు కడిగి రైతుకిస్తారు. ఎనిమిది పది రోజులకు పురుగులు లేస్తాయి, మద్ది చెట్టు ఎక్కిస్తాడు. అక్కడి నుంచి చీమలతో, పిట్టలతో వాడి గొడవ మొదలు.