ఒకే అడ్రసు నుంచి 38 ఓట్లు

రెండేళ్ళ క్రితం కొందరు మిత్రులం కలిసి నెట్‌లో ఒక చిన్న కథల పోటీ పెట్టాం. మూడొందల పదాలు మించకూడదు. అంతే నియమం. ఫ్లాష్ ఫిక్షన్ అని ఇప్పుడంటున్నాం గానీ మనకిది మరీ కొత్తేం కాదు. కొడవటిగంటి కుటుంబరావు గల్పికలు రాశారు, వారపత్రికల్లో కార్డు కథలు వచ్చేవి. పోస్టుకార్డు మీద పట్టినంతే కథ. మా పోటీలో కొత్తదనమల్లా న్యాయనిర్ణేతలు లేకపోవడమే. ఓట్లు పాఠకులే వేస్తారు.

ఆ ఓట్ల లెక్క నా చేతికొచ్చింది. "నువ్వు సాఫ్ట్‌వేర్ కదా, నీకిది అరగంట పని" అన్నారు. నిజానికి అరగంట పనే. 43 కథలు, రచయితల పేర్లు లేకుండా నంబర్లతో. ఒక్కొక్కరూ మూడు కథల దాకా ఎంచుకోవచ్చు. లాగిన్ లేదు, ఓటీపీ లేదు. పేరూ ఊరూ రాసి ఓటెయ్యడమే. ఓటెయ్యడం ఎంత తేలికైతే అంతమంది వస్తారని నా వాదన.

మొదటి మూడు రోజుల్లోనే ఒకటి తెలిసొచ్చింది. జాబితాలో పైనున్న కథలకి ఎక్కువ ఓట్లు పడుతున్నాయి. మధ్యలో ఉన్నవాటి దాకా ఎవరూ దిగడం లేదు. ఎన్నికల్లో కూడా బ్యాలెట్‌లో మొదటి పేరుకి కొంత లాభం ఉంటుందని చదివాను గానీ, నేను రాసిన పేజీలో కళ్ళారా చూడటం వేరు. ఆ రాత్రే పేజీ తెరిచిన ప్రతిసారీ వరస మారేలా కోడ్ మార్చాను.

రెండో తప్పు, ఓట్ల సంఖ్య అందరికీ కనపడేలా పెట్టడం. పది ఓట్లున్న కథకి ఇరవై వస్తున్నాయి, రెండున్నదానికి రెండే ఉంటున్నాయి. దీని మీద 2006లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక ప్రసిద్ధమైన ప్రయోగం ఉంది. సాల్గానిక్, డాడ్స్, వాట్స్ అనే ముగ్గురు ఎవరికీ పెద్దగా తెలియని బ్యాండ్ల పాటలు 48 తీసుకుని, పద్నాలుగు వేల పైచిలుకు మందికి ఆన్‌లైన్లో వినిపించారు. కొందరికి పాటలు మాత్రమే కనిపిస్తాయి. మిగతావాళ్ళని ఎనిమిది వేర్వేరు ప్రపంచాలుగా విడగొట్టి, ఆ ప్రపంచంలో ముందు వచ్చినవాళ్ళు ఏ పాటని ఎన్నిసార్లు దింపుకున్నారో చూపించారు. అవే పాటలు ఒక్కో ప్రపంచంలో ఒక్కో రకంగా హిట్టయ్యాయి. మరీ మంచివి అట్టడుక్కి పోవడం, మరీ నాసివి పైకి రావడం అరుదే. కానీ ఆ మధ్యలో ఉన్నవాటి గతి ముందొచ్చినవాళ్ళ దయే. మన పోటీల్లో ఎక్కువ కథలు ఉండేదీ ఆ మధ్యలోనే కదా! నాలుగో రోజున ఓట్ల సంఖ్యని దాచేశాను.

మూడో సంగతికి మాత్రం నా దగ్గర మందు లేదు. మూడు ఎంచుకోవచ్చని ఇంత లావు అక్షరాల్లో రాసినా, మొత్తం 412 మందిలో 240 మంది ఒక్కదానికే వేసి వెళ్ళిపోయారు. వాళ్ళు పోటీకి వచ్చినవాళ్ళు కారు, ఒక మనిషి కోసం వచ్చినవాళ్ళు. నేనేం తక్కువ తిన్నానా? మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో లింకు పెడితే మా పెద్దమ్మ "ఏది నొక్కాలిరా?" అనడిగింది. "27 బావుంది పెద్దమ్మా" అన్నాను. 27 మా ఆఫీసు మిత్రుడి కథ. నిజంగానే బావుంది. కానీ బాగుందని ఆవిడ చదివి చెప్పలేదు, నేను చెప్పాను. అమీర్‌పేట నుంచి డాలస్ దాకా పద్నాలుగు మంది 27 నొక్కారు. లెక్క నా చేతిలో ఉండగా ఆ మాట అనకూడదని అప్పుడు తోచనే లేదు.

పోటీ ముగియడానికి రెండు రోజుల ముందు ఒక మధ్యాహ్నం 38 ఓట్లు ఒకే ఐపీ అడ్రసు నుంచి వచ్చాయి. గంటన్నర లోపల. ఊరు అన్నింటికీ ఒకటే, శ్రీకాకుళం జిల్లాలో ఒక పల్లె. పేర్లు ఇంగ్లీషు చిన్నక్షరాల్లో, ముందు ఇంటిపేరు పొడి అక్షరం. అంతకంటే విచిత్రం, ఆ పేర్లు అక్షరక్రమంలో వరసగా ఉన్నాయి. ఎవడో పేర్ల జాబితా ఒకటి పెట్టుకుని ప్రోగ్రాంతో వేయిస్తున్నాడని తేల్చేశాను. 38లో 31 ఓట్లు 14వ నంబరు కథకి ఉన్నాయి. స్ప్రెడ్‌షీట్‌లో ఆ వరసలన్నీ ఎర్రరంగు పులిమి, "బోగస్" అని రాసి మిత్రులకి పంపించాను. "సూపర్, భలే పట్టావు" అని జవాబొచ్చింది. సిగ్గుపడాల్సిన విషయం ఏంటంటే, ఆ మాటకి పొంగిపోయాను. ఓట్లు కొట్టేశాం. రెండో స్థానంలో ఉన్న 14వ కథ తొమ్మిదికి పడిపోయింది. ఫలితాలతో పాటు "కొన్ని బోగస్ ఓట్లని గుర్తించి తొలగించాం" అని ఒక వాక్యం కూడా చేర్చాం, మా నిజాయితీ లోకానికి తెలియాలని.

వారం తర్వాత 14వ కథ రాసినావిడ నుంచి మెయిల్ వచ్చింది. కోపం లేదు, ఆరోపణ లేదు. తను ప్రభుత్వ బాలికల గురుకుల పాఠశాలలో తెలుగు చెప్తానని, తొమ్మిదో తరగతి పిల్లల చేత కంప్యూటర్ ల్యాబులో కథలన్నీ చదివించి ఓట్లు వేయించానని రాశారు. చివర్న ఒకే ప్రశ్న. "నా స్థానం గురించి కాదండీ. మీ ఓట్లు దొంగ ఓట్లని తీసేశారని పిల్లలకి ఎలా చెప్పాలో మీరే చెప్పండి."

ఆ మెయిల్ చదివి లేచి నీళ్ళు తాగొచ్చి మళ్ళీ కూర్చున్నాను.

ల్యాబులో పది కంప్యూటర్లు. తరగతిలో 38 మంది. హాజరు పట్టీ వరసలో పదేసి మందిని కూర్చోబెట్టారు. అందుకే అక్షరక్రమం. స్కూలంతటికీ ఒకటే నెట్ కనెక్షన్. అందుకే ఒకటే అడ్రసు. ఒకే కనెక్షన్ మీదున్న యంత్రాలన్నీ బయటికి ఒకే అడ్రసుతో కనిపిస్తాయని, మొబైల్ కంపెనీలు కూడా ఎంతోమంది కస్టమర్లని ఒకే పబ్లిక్ అడ్రసు వెనక పెడతాయని నాకు తెలియక కాదు. నెట్‌వర్కులు ఇంజనీరింగులో చదువుకున్నాను, ఇంటర్వ్యూలకొచ్చే పిల్లల్ని ఇదే ప్రశ్న అడుగుతాను. తెలిసిన విషయం అవసరమైనప్పుడు గుర్తు రాలేదు, ఎందుకంటే దొంగని పట్టుకున్నానన్న సంతోషంలో ఉన్నాను.

మళ్ళీ డేటా తెరిచాను. ఓట్లు ఒక టేబుల్లో ఉన్నాయి, ఎవరు ఏ కథ పేజీ ఎప్పుడు తెరిచారన్నది ఇంకో టేబుల్లో ఉంది. రెండింటినీ కలిపి చూడటానికి ఒక్క క్వెరీ చాలు, నాలుగు లైన్లు. ఆ రోజు రాయలేదు, ఇప్పుడు రాశాను. ఓటేసే ముందు కనీసం ఐదు కథలైనా తెరిచి చూసినవాళ్ళు 412 మందిలో 97 మంది. ఆ 97లో 38 మంది నేను కొట్టేసిన పిల్లలు.

ఇంకా చూస్తే, ఓట్లు నాలుగు విడతలుగా పడ్డాయి. పది, పది, పది, ఎనిమిది. విడతకీ విడతకీ మధ్య దాదాపు ఇరవై నిమిషాలు. ప్రోగ్రాం అయితే ఇరవై నిమిషాలు ఎందుకు ఆగుతుంది? 38 మందీ మూడేసి కథలు ఎంచుకున్నారు. రెండో ఎంపికా మూడో ఎంపికా ఒకరిదొకరితో కలవలేదు. ఏడుగురు అసలు 14వ కథకి వెయ్యనే లేదు. దొంగ ఓట్లు వేయించేవాడు ఏడు ఓట్లు ఎవరికో ఎందుకు దానం చేస్తాడు? ఇవన్నీ ఆ ఎర్రరంగు వరసల్లోనే ఉన్నాయి. రంగు పులమడానికి ముందు చదవలేదంతే. మా పెద్దమ్మ ఓటు మాత్రం నిక్షేపంగా ఉంది. వేరే అడ్రసు, వేరే ఊరు, వేరే సమయం. ఒక్క కథ కూడా తెరవని ఓటు.

ఆవిడకి ఫోన్ చేశాను. క్షమాపణ చెప్పాక ఉండబట్టలేక అడిగేశాను, "పిల్లలకి మీ కథ ఏదో చెప్పారా మేడమ్?" అని. ఆవిడ నవ్వారు. "చెప్పలేదండీ. కానీ కథలో హాస్టల్ వెనక బావి ఉంది, వంటావిడ ఉంది. వాళ్ళకి తెలీదా? గుర్తుపట్టేశారు." ఆ కథ చదువు రాని వంటావిడది. ఆవిడ పాస్‌బుక్కు తెచ్చి ఒక పిల్ల చేత చదివించుకుంటుంది. కొడుకు డబ్బు తీసేసుకున్నాడని అందులో కనపడుతూనే ఉంటుంది. పిల్ల పాత అంకెనే చదివి వినిపిస్తుంది. అక్కడితో అయిపోతుంది.

కాబట్టి ఆ 31 ఓట్లు పూర్తిగా నిష్పక్షపాతం అని నేననలేను. తమ బావి, తమ టీచరు అన్న మమకారం వాటిలో ఉంది. కానీ అది చదివి గుర్తుపట్టిన మమకారం. నేను మా గ్రూపులో పెట్టింది చదవక్కర్లేని మమకారం. నా యంత్రం మొదటిదాన్ని పట్టుకుని రెండోదాన్ని వదిలేసింది. నిజానికి యంత్రం ఏదీ పట్టుకోలేదు. పట్టుకున్నది నేను.

ఫలితాలు సవరించాలన్నాను. "మూడొందల పదాల కథకి ఇంత రాద్ధాంతమా? బహుమతి నాలుగు పుస్తకాలు" అన్నాడొక మిత్రుడు. రెండో బహుమతి అందుకున్నాయన ఏమంటాడోనని ఇంకొకరి బెంగ. చివరికి సవరించిన జాబితానీ, తప్పు ఎక్కడ జరిగిందో, ఎవరు చేశారో కూడా రాసి పెట్టాం. రెండో స్థానం నుంచి మూడుకి జరిగినాయన "ఆ కథ నాకూ నచ్చింది, ఫర్వాలేదు" అని ఒక్క ముక్క రాశాడు. నాకంటే పెద్దమనిషి. పిల్లలకి మాత్రం విడిగా, కాగితం మీద ఉత్తరం రాశాను. ఓట్లు లెక్కలో కలిపామని, మీరు చేసింది సరైన పనేనని, తప్పు నాదని. ఎన్నిసార్లు చింపి రాశానో చెప్పను. పద్నాలుగేళ్ళ పిల్లలకి ఐపీ అడ్రసు గురించి సంజాయిషీ ఇస్తే అది క్షమాపణలా ఉండదని మూడో కాగితం మీద అర్థమైంది.

తర్వాత చాలా చదివాను. 1770లో బోర్డా అనే ఫ్రెంచి గణితవేత్త, ఒక్క ఇష్టాన్నే లెక్కపెడితే తప్పు మనిషి గెలవొచ్చని, అందరి చేతా వరసగా ర్యాంకులు ఇప్పించి మార్కులు కూడాలని ప్రతిపాదించాడు. 1951లో కెనెత్ యారో, ముగ్గురు అంతకంటే ఎక్కువమంది బరిలో ఉంటే, న్యాయమని మనం అనుకునే కొన్ని షరతులన్నీ ఒకేసారి తీర్చే ర్యాంకుల పద్ధతి ఉండదని నిరూపించాడు. 1972లో ఆయనకి నోబెల్ వచ్చింది. ఇవన్నీ చదువుతుంటే కొంచెం ఊరటగా ఉంటుంది, లోపం గణితంలోనే ఉందన్నట్టు. కానీ నా తప్పు బోర్డా ఖాతాలోకీ పోదు, యారో ఖాతాలోకీ పోదు. ఒక ఫోన్ చేసి అడిగితే సరిపోయేది.

అసలు స్థానాలకి అంత విలువుందా అంటే, 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ ప్రపంచ కథల పోటీలో పాలగుమ్మి పద్మరాజు గారి 'గాలివాన'కి వచ్చింది రెండో బహుమతే. మొదటిది ఎవరి కథకి వచ్చిందో మనలో ఎంతమంది చెప్పగలం? కథలు స్థానాల్ని మోసుకుని బతకవు. ఓటేసినవాళ్ళ సంగతి అలా కాదు. తమ మాట లెక్కలోకి వచ్చిందా లేదా అన్నది వాళ్ళకి గుర్తుంటుంది, అది మొదటి ఓటైతే మరీను.

నిరుడు పోటీలో మూడు మార్పులు చేశాం. ఓటెయ్యాలనుకున్నవాళ్ళకి ముందు ఐదు కథలు లాటరీ పద్ధతిలో ఇస్తాం. అవి చదివి వరస పెట్టాకే తమకి నచ్చిన నంబరు వెతుక్కోవచ్చు. ఓట్లు 412 నుంచి 160కి పడిపోయాయి, నాకు బాధ లేదు. రెండోది, ఏ ఓటునీ ఒక్కరే కొట్టెయ్యకూడదు, అడక్కుండా అసలే కొట్టెయ్యకూడదు. మూడోది, లెక్కపెట్టేవాడు ఏ గ్రూపులోనూ నంబరు చెప్పకూడదు.

ఆ టీచరుగారు నిరుడు కథ పంపలేదు. అడిగితే తీరిక లేదన్నారు. నిజమే అయ్యుండొచ్చు. కానీ అదే గురుకులం నుంచి ఒక కథ వచ్చింది, పదో తరగతి అమ్మాయి రాసింది. పోటీలో ఇరవై రెండో స్థానం. ముగింపు తొందరగా చుట్టేసినట్టుంది, ఓట్లు సరిగ్గానే పడ్డాయనిపించింది. ఆ అమ్మాయి పంపిన మెయిల్లో కథ కింద ఇంకో లైను ఉంది. "సార్, ఈసారి మా ఓట్లు ముందే చెప్పి వేస్తాం."