మాటలు మరొకరివి

'ఇట్స్ టూ లేట్' మొదటిసారి విన్నది పీహెచ్‌డీ చేస్తున్న రోజుల్లో, హాస్టల్లో రూమ్మేట్ లాప్‌టాప్‌లో. కెరోల్ కింగ్ 1971 ఆల్బమ్ 'టాపెస్ట్రీ'లోది. ఒక జంట మధ్య ప్రేమ అయిపోయిందని ఆమె చెప్తుంది. అరుపుల్లేవు, శాపనార్థాల్లేవు. తప్పెవరిదో తేల్చాలన్న పట్టుదల కూడా లేదు. నేను పెరిగిన సినిమా పాటల్లో విడిపోయిన ఆడది ఏడుస్తుంది, లేదా ఎదురుచూస్తుంది. ఈమె రెండూ చెయ్యదు.

కింగ్ 1968లో భర్త గెరీ గాఫిన్ నుంచి విడిపోయి, ఇద్దరు కూతుళ్లతో లాస్ ఏంజిలస్ వచ్చేసింది. అంతవరకు ఆయన మాటలు, ఆమె బాణీ. ఆల్బమ్ అట్ట కూడా మనల్ని అటే నడిపిస్తుంది: కిటికీ పక్కన చెప్పుల్లేని కాళ్లతో కింగ్, చేతిలో కుట్టుపని, ముందు పిల్లి. ఇంకేం, ఇది ఆమె విడాకుల పాటేనని సెమినార్ పేపర్లో రాసేశాను. 'అనుభవంలోంచి వచ్చిన స్వరం' అన్నట్టు గుర్తు. అందరూ మెచ్చుకున్నారు.

తర్వాతెప్పుడో తెలిసింది, ఆ మాటలు టోనీ స్టెర్న్ అనే మరో స్త్రీవని. బాణీ, గొంతు మాత్రమే కింగ్‌వి. స్త్రీల రచనల్ని వాళ్ల జీవితాలకి కుదించొద్దని థీసిస్ రాస్తున్నదాన్ని నేను!

అదే ఆల్బమ్‌లో 'విల్ యూ లవ్ మీ టుమారో' కూడా ఉంది. 1960లో షిరెల్స్ అనే నల్లజాతి అమ్మాయిల బృందం తొలిసారి పాడిన పాట. ఈ రాత్రి దగ్గరైనవాడు రేపు కూడా ప్రేమిస్తాడా అన్న ఆడపిల్ల భయానికి మాటలిచ్చింది గాఫిన్. దాన్ని ఆయన ఆత్మకథ అని ఎవరూ అనలేదు. మగవాడు రాస్తే ఊహ. మనం రాస్తే వాంగ్మూలం.

ఇది నాకు పుస్తకాల్లోంచి తెలియలేదు. పెళ్లయిన రెండో ఏడు ఒక కథ రాశాను. అందులో భార్య ఏ గొడవా లేకుండా ఇల్లు వదిలి వెళ్లిపోతుంది. అప్పటికి మేం బాగానే ఉన్నాం. కథ అచ్చయిన వారానికి అమ్మ ఫోన్ చేసి, "అల్లుడుగారితో ఏమన్నా అయిందా?" అంది. కథే అమ్మా అంటే నమ్మలేదు. నాలుగేళ్ల తర్వాత నిజంగానే విడిపోయాం. కథకీ దానికీ ఏ పోలికా లేదు. అయినా బంధువులొకరు ఆ పత్రిక దాచిపెట్టి మరీ తెచ్చి చూపించారు, అప్పుడే అనుకున్నాం అంటూ.

కాలిఫోర్నియాలో తప్పు రుజువు చెయ్యక్కర్లేని విడాకుల చట్టం 1970 జనవరిలో అమల్లోకి వచ్చింది. మరుసటి ఏడు ఈ పాట ఐదు వారాలు అమెరికాలో మొదటి స్థానంలో నిలిచింది. ఒకదానివల్ల ఇంకొకటి వచ్చిందని చెప్పను. ఆ తప్పు ఒకసారి చేశాను. మనకి పరస్పర అంగీకార విడాకులు 1976 సవరణతో హిందూ వివాహ చట్టంలోకి వచ్చాయి. నేను సంతకం పెట్టిందీ ఆ 13బి కిందే. కోర్టు కారణం తవ్వలేదు. ఇంటికొచ్చాక అమ్మ అడిగింది, "ఇంతకీ తప్పెవరిదే?"

జవాబు చెప్పలేకపోయాను. ఆ రాత్రి పాట పెడితే, ఇంగ్లీషు రాని అమ్మ కాసేపు విని, "ఏడవట్లేదే ఈవిడ" అంది.

టోనీ స్టెర్న్ 2024 జనవరిలో చనిపోయారు. ఆ వార్త చదివి నా పాత పేపరు తీసి చూశాను. అదిప్పుడు ఒక సంకలనంలో ఉంది. కింగ్ పేరు పదకొండు సార్లు వస్తుంది. స్టెర్న్ పేరు ఒక్కసారీ లేదు.