‘రేపు చెప్తాను’

పోయినసారి అందరూ సామెతలు, పొడుపు కథలు రాశారు. నేను ఒక తప్పు గురించి రాస్తున్నాను. ఆ తప్పు నాదే. కానీ దానివల్ల ఒక మంచి సంగతి తెలిసింది. అది మీకూ పనికొస్తుందని రాస్తున్నాను.

బడి తెరిచిన కొత్తలో సైన్సు పీరియడ్‌లో పదార్థం పాఠం జరుగుతున్నది. ఘనం, ద్రవం, వాయువు అని మేడమ్ బోర్డు మీద రాస్తున్నారు. నాకు మా ఇంటి పొయ్యి గుర్తుకొచ్చింది. ఎసరు పెట్టి, అది మరిగేదాకా పొయ్యి దగ్గర కూర్చోవడం చిన్నప్పటి నుంచి నా పని. లేచి అడిగాను. “మేడమ్, నీళ్లు మరిగినప్పుడు బుడగలు వస్తాయి కదా, ఆ బుడగలో ఏటుంటాది?”

కొందరు గాలి అన్నారు. మేడమ్ కాసేపు ఆలోచించి, “సరిగ్గా చూసి రేపు చెప్తాను” అన్నారు.

వెనక బెంచీలో ఎవరో “మేడమ్‌కే రాదట” అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నిజం చెప్పాలంటే నాకు గర్వంగా కూడా ఉంది. మా ఇంట్లో బడికి వచ్చిన మొదటిదాన్ని నేనే. అలాంటి నేను టీచరుకి రాని ప్రశ్న అడిగానని భోజనాల దగ్గర నలుగురికి చెప్పుకున్నాను. మా అమ్మ లెక్కలో టీచరంటే అన్నీ తెలిసినవారు. నేనూ అలాగే అనుకునేదాన్ని. తెలియకపోతే ఇంక టీచరేంటి అనుకునేదాన్ని.

ఆ రాత్రి స్టడీ అవర్ అయ్యాక నోటుబుక్కుల కట్ట ఇవ్వడానికి వెళ్తే మేడమ్ గదిలో లేరు. మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కన ఉన్నారు. మన హాస్టల్లో సిగ్నల్ వచ్చేది ఆ మూల ఒక్కటే అని మీకందరికీ తెలుసు. వాన తుంపర పడుతున్నది. మేడమ్ మెడకీ భుజానికీ మధ్య గొడుగు ఇరికించుకుని, ఒక చేత్తో ఫోను పట్టుకుని, ఇంకో చేత్తో నోటుబుక్కులో రాసుకుంటున్నారు. పేజీ పైన నా ప్రశ్న ఉంది. దాని పక్కన నా పేరు రాశారు.

నాకు ఏడుపొక్కటే తక్కువ. “మేడమ్, క్లాసులో నేను కూడా నవ్వాను. తప్పయిపోయింది” అన్నాను.

“నవ్వితే నవ్వేవులే. ప్రశ్న మంచిది. ఈ గొడుగు పట్టుకో” అన్నారు.

అలా గొడుగు పట్టుకుని చూశాను. పాఠం చెప్పేముందు టీచర్లు కూడా చదువుకుంటారని నాకు అప్పటిదాకా తెలియదు.

మన పుస్తకాల్లో నల్ల గళ్ల చదరాలు ఉంటాయి కదా. మనం వాటికి కళ్లు, మీసాలు గీస్తాం. అది క్యూఆర్ కోడ్. 2017లో మొదలైన ‘దీక్ష’ అనే దాంట్లో ఆ చదరం చూపిస్తే ఆ పాఠం వీడియోలు, ప్రశ్నలు వస్తాయి. చదరం దగ్గరున్న ఆరు అక్షరాల కోడ్ కొట్టినా వస్తాయి. సిగ్నల్ ఉన్నప్పుడు దించి పెట్టుకుంటే తరవాత సిగ్నల్ లేకపోయినా చూడొచ్చు. నా పుస్తకంలో చదరాన్ని మాత్రం ఫోను చదవలేకపోయింది. నేను దానికి మీసాలు గట్టిగా గీశాను మరి.

తరవాత మేడమ్ ‘ఫెట్’ అనేది తీశారు. అది అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయం వారిది. 2001లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్నవారిలో ఒకరైన కార్ల్ వైమన్ గారు 2002లో మొదలుపెట్టారు. డబ్బులు కట్టక్కర్లేదు. అందులో బొమ్మలు వాటంతటవి కదలవు, మనం కదిలిస్తేనే కదులుతాయి. ఒక పాత్రలో నీటి అణువులు ఉంటాయి. కింద వేడి పెంచితే అవి గెంతి, ఒకదానికొకటి దూరంగా పోతాయి. చల్లబరిస్తే మళ్లీ దగ్గరకొస్తాయి.

కనిపించినదల్లా మేడమ్ తీసుకోలేదు. ఒక వీడియో ఇంగ్లీషులో గబగబా పోతున్నది. అది వదిలేశారు. ఒకచోట మరిగే బుడగలో ఉన్నది గాలే అని ఉంది. ఇంకో రెండు చోట్ల చూసి, పుస్తకంతో పోల్చి అది కొట్టేశారు. “నెట్‌లో ఉన్నదంతా నిజం కాదు. నిజమైనదంతా మన పిల్లలకు అర్థం కాదు. బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఏరుకోవాలి” అన్నారు.

మరునాడు మేడమ్ గాజు బీకరులో నీళ్లు పోసి స్పిరిట్ దీపం మీద పెట్టారు. కొంచెం వేడెక్కగానే గాజు గోడలకు సన్నని బుడగలు అంటుకున్నాయి. నీళ్లలో కరిగి ఉన్న గాలి అలా బయటికొస్తుందట. బాగా మరిగినప్పుడు అడుగు నుంచి పెద్ద బుడగలు లేచాయి. వాటిలో ఉన్నది గాలి కాదు, నీటి ఆవిరి. అంటే బుడగలో ఉన్నది కూడా నీరే! ఆవిరి కంటికి కనపడదు. మనం ఆవిరి అనుకునే తెల్లని పొగ, ఆవిరి చల్లబడి మళ్లీ చిన్న చిన్న నీటి చుక్కలైనది. తరవాత ఎనిమిదేసి మందిని పిలిచి ఫోనులో అణువులను చూపించారు. ఆ రోజు ఎవరూ నవ్వలేదు.

అప్పటి నుంచి మిగతా టీచర్లను కూడా గమనించాను. లెక్కల సార్ అరవింద్ గుప్తా గారి సైటు చూస్తారు. ఆయన పనికిరాని వస్తువులతో ఆటబొమ్మలు చేసి సైన్సు నేర్పుతారు. 2018లో పద్మశ్రీ వచ్చింది. అది చూసి సార్ అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలతో త్రిభుజం, చతురస్రం చేయించారు. చతురస్రం నొక్కితే వంగిపోయింది, త్రిభుజం వంగలేదు. మా ఇంటి కప్పు వాసాలు గుర్తొచ్చాయి. సోషల్ సార్ ఇస్రో వారి ‘భువన్’లో వంశధార నది ఒడిశా నుంచి వచ్చి కళింగపట్నం దగ్గర సముద్రంలో కలిసేదాకా చూపించారు. తెలుగు మేడమ్ కష్టమైన మాటలకు ‘ఆంధ్రభారతి’ నిఘంటువు చూస్తారు. ఒక మాట కొడితే చాలా నిఘంటువుల అర్థాలు ఒకేచోట వస్తాయి.

ఇంగ్లీషు మేడమ్ కథల కోసం ‘స్టోరీవీవర్’ చూస్తారు. ప్రథమ్ బుక్స్ వారు 2015లో పెట్టారు. ఒకే బొమ్మల కథ తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఉంటుంది. ఒకరోజు నేను “మా సవర భాషలో ఉంటాయా మేడమ్?” అని అడిగాను. ఈ మేడమ్ కూడా “చూసి రేపు చెప్తాను” అన్నారు. ఈసారి నేను నవ్వలేదు. మరునాడు ఒక సవర కథ తెచ్చి చూపించారు. నా గుండె దడదడ కొట్టుకుంది. కానీ చూస్తే అక్షరాలు ఒడియావి. మా భాషే, నేను చదవలేకపోయాను.

గుణుపురం వైపు ఇచ్చిన మా అత్త కూతురు ఒడియా బడిలో చదువుతున్నది. మేడమ్ ఆ కథ కాగితాల మీద దించి ఇచ్చారు. దసరా సెలవుల్లో వదిన చదువుతుంటే నేను తెలుగు అక్షరాల్లో రాసుకున్నాను. వాళ్ల మాట, మా మాట కొన్నిచోట్ల తేడా ఉంది. అక్కడ అమ్మ సరిచేసింది. చదువు రాని అమ్మ నా రాతకు తప్పులు దిద్దడం అదే మొదటిసారి. ఆ కథలు ఎవరైనా కాపీ చేసుకోవచ్చు, వేరే భాషలోకి మార్చుకోవచ్చు అని మేడమ్ చెప్పారు. అందుకే దాన్ని ఈ పత్రికలోనే పక్క కాగితం మీద అంటించాను. సవర చెల్లెళ్లు చదవండి.

గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారి పుట్టినరోజు ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేస్తాం కదా. పర్లాకిమిడిలో టీచరుగా ఉంటూ ఆయన సవరల దగ్గర మా మాట నేర్చుకుని, మా పిల్లల కోసం పుస్తకాలు రాశారు. 1931లో ఆయన సవర వ్యాకరణం అచ్చయింది. ఆయనకు ఫోను లేదు. కానీ ముందు తాను నేర్చుకుని తరవాత పాఠం చెప్పడం మాత్రం మన మేడమ్ పనిలాంటిదే.

స్నేహితులారా, పుస్తకంలో చదరాలకు మీసాలు గీయకండి. ప్రశ్న వస్తే దాచుకోకండి. టీచరు ‘రేపు చెప్తాను’ అంటే నవ్వకండి. ఆ రాత్రి మన కోసం ఎవరో మేలుకుంటారు.

వార్డెన్ మేడమ్ గారికి ఒక మనవి. మాకు ఫోన్లు ఇవ్వమని అడగడం లేదు. టీచర్లు దించి తెచ్చిన పాఠాలు వారానికొక రోజు హాలులో టీవీలో చూపించండి. ట్యాంకు పక్కన చిన్న రేకుల నీడ వేయించండి. గొడుగు పట్టుకోవడానికి నేను రోజూ మేడ మీదకు రాలేను కదా.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని