కొండకి కొండ కలిపిన చోట

విశాఖ పెదజాలరిపేటలో మా ఇల్లు ఇసుకలోనే ఉండేది. వాన పడితే కప్పు కారే చోటల్లా అమ్మ గిన్నెలు పెట్టేది, ఆ చప్పుడు వింటూ మేం నిద్రపోయేవాళ్లం. తెల్లారేసరికి ఎండుచేపలు, తడి వలలు, నాన్నమ్మ చుట్ట అన్నీ కలిసి ఒకే వాసనయ్యేది. ఇప్పటికీ ఎక్కడైనా అది తగిలితే నా కాళ్లు ఆగిపోతాయి.

మా పెద్దమావ మునకలో దిట్ట. వల బండకి తగులుకుంటే తెప్ప మీదివాళ్లు ఆయన్నే పిలిచేవారు. నడుముకి చిన్న కత్తి కట్టుకుని, రాయి పొట్టకి హత్తుకుని, గుండెలనిండా గాలి పీల్చి దిగేవాడు. రాయికి కట్టిన తాడు జారుతుంటే నేను బారలు లెక్కపెట్టేవాణ్ణి. ఆరు, ఏడు, ఎనిమిది. ఆ తర్వాత తాడు కదలదు, తెప్ప మీద ఎవరూ మాట్లాడరు. ఆయనతోపాటు నేనూ ఊపిరి బిగబట్టేవాణ్ణి. అలా నా ఊపిరి మూడుసార్లు అయిపోయాక ముందు బుడగలు, వెనకే ఎర్రటి కళ్లతో ఆయన తల. "ఒగ్గీసింది, లాగండ్రా!" అనేవాడు.

నీళ్ల మీద ఏ గుర్తూ లేకపోయినా ఆ బండని ఎలా పట్టుకునేవారంటే, ఒడ్డునున్న తాటిచెట్టుని దాని వెనక కొండతో కలిపేవారు, అటువైపు యారాడ కొండ కొసని ఇంకో గురుతుతో కలిపేవారు. రెండూ కుదిరిన చోట తెప్ప ఆపితే కింద బండే.

1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక సముద్రంలో పెద్ద చప్పుడైంది. యుద్ధం రోజులు, ఊరంతా చీకటి. నాన్నమ్మ లేచి గంగమ్మకి దండం పెట్టింది. మునిగింది పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ అని తర్వాత తెలిసింది. నీటి మీద తేలిన నూనె తెట్టుని, లైఫ్ జాకెట్‌ని ముందు చూసినవాళ్లు మన జాలర్లే. లోపల 90 మందికి పైగా ఉన్నారని విని నాన్నమ్మ, "ఏ తల్లి బిడ్డలో" అని ఆ పూట అన్నం ముట్టలేదు.

నేవీ డైవర్లు దిగి అది ఘాజీయేనని తేల్చారు. వీపున గాలి సిలిండరు కట్టుకుని దిగుతారంట అని పేటంతా చెప్పుకున్నారు. అలా నీళ్లలో ఊపిరి తీసే పరికరాన్ని 1943లోనే ఫ్రాన్సులో కూస్తో, గాన్యాన్ తయారుచేశారని నేను చాలా ఏళ్లకి చదివాను. మావ మాత్రం ఆ రోజు వల అల్లడం ఆపి, "అయితే తాపీగా సూడొచ్చన్నమాట" అన్నాడు. ఎన్ని వందలసార్లు దిగినా అడుగుని తీరిగ్గా ఒక్కసారీ చూడలేదాయన. ముడి కోయడానికే ఊపిరి సరిపోయేది.

ఇప్పుడు రుషికొండలో కుర్రాళ్లు అలా సిలిండరుతో దిగే స్కూబా నేర్పుతున్నారు. మొన్న మనవడితో నేనూ దిగాను. చెవులు బిగిస్తే ముక్కు నొక్కి ఊదమన్నాడు నేర్పే కుర్రాడు. మావ నాకు నేర్పిందీ అదే. కింద బండకి ఆలిచిప్పలు, వాటికి చుట్టుకుని చిరిగిన వల ముక్క. దాన్ని పట్టుకుని ఉండిపోయాను. ఇన్నాళ్లకి తాపీగా చూశాను, మావ వంతు కూడా కలిపి.

పైకొచ్చాక తెలిసింది, ఆ కుర్రాడు కూడా జాలరి ఇంటి బిడ్డేనని. మీరు రుషికొండ వెళ్లి నీళ్లలో దిగితే, పడవ నడిపే అతన్ని ఒక్క మాట అడగండి, ఈ బండని మీ తాతలు ఏ పేరుతో పిలిచేవారు, ఏ కొండకి ఏ కొండ కలిపి పట్టుకునేవారు అని. చెప్పగలిగిన పెద్దలు ఇంకా ఉన్నారు.